చచ్చిపోనన్న రాక్షసబల్లి

ఆ రోజుల్లో మా వైపు వాన రావడానికి ఏళ్లు పట్టేది కానీ, నాకు కోపం రావడానికి క్షణం పట్టేది కాదు. ఇప్పుడూ అంతే అనుకోండి, ఈ మాట రాస్తుంటేనే వస్తోంది. కాకపోతే ఇప్పుడు కోపం వస్తే కసురుకుంటాను, ఎదుటివాళ్లు కాస్త తగ్గుతారు. అప్పటి కోపం గొంతు దాకా వచ్చి అక్కడే కూలబడేది. అందుకని ఊళ్లో అందరూ నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్లు. మా నాయన ఆ మాట గొప్పగా చెప్పుకునేవాడు, సంతలో ఎద్దును అమ్మేవాడు “పొడవదు, తన్నదు” అని చెప్పుకున్నట్టు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. మాది బెళుగుప్ప దగ్గర ఒక పల్లె. నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడు వేసిన చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసినట్టే ఎండిపోయింది. ఎండాకాలం సెలవుల తర్వాత నన్ను పదో తరగతికి పంపకుండా, రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్ల దగ్గర దారాలు కత్తిరించే పనిలో పెట్టాలని మా నాయన తీర్మానించాడు. (తమ్ముడు మాత్రం చదవాలట. వాడికి అప్పటికి ఏడో ఎక్కం రాదు. మగపిల్లోడు గదా, నిదానంగా వస్తుందిలే అన్నారు.) ఆ మిషన్ల యజమానిది మా ఊరే, అందరూ సావుకారి అనేవాళ్లు. ఆయన దుర్గంలో కాపురముంటూ కొడుకును మాత్రం ఊళ్లో అవ్వ దగ్గర వదిలాడు. ఆ చిన్న సావుకారి నా క్లాసే. ఒకరోజు సావుకారి ఊరికి వచ్చినప్పుడు మా నాయన నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి తీసుకుపోయాడు.

“మా పాప శానా సాధువన్నా. యా పని చెప్పినా తల ఎత్తకుండా చేస్తాది” అన్నాడు నాయన.

“అట్లాంటి పిల్లలే కావల్లప్పా మాకు. తల ఎత్తేటోళ్లతో నేను యాడ పడేది! వార్షికోత్సవానికి ఎట్లాగూ వస్తాండా గదా, ఆ పొద్దే హెడ్మాస్టరుకు చెప్పి బడి మానిపిద్దాం” అన్నాడు సావుకారి.

నేను వాళ్లిద్దరి మధ్యనే నిలబడి ఉన్నాను. నన్ను ఒక్క మాట అడిగితే ఒట్టు! పదో తరగతి చదవాలనుందన్న మాట నాకు గొంతు దాకా వచ్చింది. వచ్చి, ఎప్పటిలాగే అక్కడే కూలబడింది. ఇంటికి వచ్చి కోపమంతా రోకలి మీద చూపించి, అమ్మ చేత తిట్లు తిన్నాను.

ఆ వార్షికోత్సవానికే మా సైన్సు సారు రాక్షసబల్లుల మీద ఒక నాటకం రాశారు. ఆయన్ని మేము చాటుగా ఊహల సారు అనేవాళ్లం. రాక్షసబల్లుల పాఠం చెబితే ప్రతి వాక్యం చివరా “అని ఊహిస్తున్నారు” అనేవారు. “కొన్ని శాకాహార రాక్షసబల్లులు కొమ్ములతో ఎదిరించి ఉండవచ్చునని ఊహిస్తున్నారు. కొన్ని మందలు కట్టి పిల్లల్ని కాపాడుకుని ఉండవచ్చునని ఊహిస్తున్నారు. వీపు మీద పలకలున్న ఈ బల్లి తోక ముళ్లతో శత్రువును బాది ఉండవచ్చునని...” (పాపం, అంతకంటే గట్టిగా ఎవరు మాత్రం చెప్పగలరు? చూసినవాళ్లు ఎవరైనా మిగిలితే కదా.) నాటకంలో ఆ పలకల బల్లి నేను. నన్ను తినే మాంసాహారి ఎవరంటారా? ఇంకెవరు, చిన్న సావుకారి. దుర్గం నుంచి వచ్చిన జీన్సు ముక్కలతో వాడికి నీలం రంగు వేషం కుట్టారు. నోటికి ప్యాంటు జిప్పు, పళ్లకు బదులు ఇత్తడి గుండీలు. జిప్పు లాగితే నోరు తెరుచుకునేది. నాకేమో చెనిక్కాయల గోతాం సంచులు.

రిహార్సల్‌లో నేను ఆకులు నమలాలి, వాడు వచ్చి గర్జించాలి, నేను ఒకసారి “అమ్మా” అని పడిపోవాలి. అంతే నా వేషం. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు ధైర్యం చేసి అడిగాను.

“సార్, తోకతో కొట్టి ఉండొచ్చని మీరే చెప్పినారు గదా? నేను ఏంటికి ఊరికే చచ్చిపోవల్ల?”

సారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “షామియానా, మైకు అన్నీ సావుకారే పెట్టిస్తాండాడమ్మా. వాళ్ల పిల్లోడు ఓడిపోతే ఏం బాగుంటాది చెప్పు? అయినా శాకాహారి అంటే సాధుజంతువు. సాధువుగా పడిపో.”

సాధువట! మా ఇంట్లో ఈనిన మేక దగ్గరికి వీధికుక్కను పోయి చూడమనండి, తెలుస్తుంది సాధువు సంగతి. ఆకులు తింటే రోషం ఉండదని ఈ మనుషులకు ఎవరు చెప్పారు? ఆ మాటకొస్తే మా ఇంట్లో ఉగాదికి, ఊరి దేవరకు తప్ప మాంసం ముఖమెరగం, మరి నా కోపం ఎక్కడి నుంచి వచ్చింది? ఇవన్నీ సారును అడగలేదు. “సరే సార్” అన్నాను. ఆ “సరే సార్” తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే రెండు తగిలించాలనిపిస్తుంది.

నా తోక కుట్టింది మా అమ్మ. గోతాంలో చెనిక్కాయ పొట్టు కూరితే అది గాలికి తేలిపోయింది తప్ప తోకలా ఈడ్చుకు రాలేదు. అమ్మ కాసేపు చూసి, లోపలికి పోయి, దాచుకున్న చింతగింజలన్నీ తెచ్చి తోక చివర పోసి కుట్టేసింది. నడిస్తే గలగలమనేది. “బరువైందేమో మా” అంటే, “తోకన్నాక బరువుండొద్దా” అంది. ఆమెను కూడా నా బడి గురించి ఎవరూ అడగలేదని నాకు అప్పుడు తోచలేదు.

వార్షికోత్సవం నాడు పొద్దు గూకే వేళకు ఊరు ఊరంతా బడి ముందర కూర్చుంది. ముందు వరుస కుర్చీల్లో సావుకారి, ఆయన వెనక నేల మీద మా నాయన. మా ఊరి పౌరాణిక నాటకాలకు వాయించే హార్మోనియం తాతను కూడా పిలిపించారు. నేను ఆకులు నములుతూ ఉండగా తాత యుద్ధరంగం వరస ఎత్తుకున్నాడు, చిన్న సావుకారి జిప్పు తెరుచుకుని గర్జిస్తూ వచ్చాడు. వచ్చి నా మెడ దగ్గర వంగి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

“మా మిషన్ల కాడికి పనికొస్తావంట గదా? ఇంగ మా నాయన ఏం చెప్తే అది చేయల్ల నువ్వు. పడు, తొందరగా పడు.”

అన్నేళ్లుగా గొంతులో కూలబడిన కోపమంతా ఒక్కసారి లేచింది. లేచి, నోటి గుండా కాకుండా తోక గుండా బయటికి వచ్చింది. గిర్రున తిరిగాను. చింతగింజలు గలగలమన్నాయి. తోక పోయి వాడి పిక్కల మీద పడింది, వాడు “అబ్బా” అని వెల్లకిలా పడ్డాడు.

 వెనకనుంచి గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన లేచి నిలబడి “భలే పాపా! వన్స్‌మోర్!” అని అరిచాడు. (మొన్ననే తోడేలు ఆయన మందలో రెండు పిల్లల్ని ఎత్తుకుపోయింది.) ఇక జనమంతా అందుకున్నారు. మా ఊళ్లో వన్స్‌మోర్ అంటే ఆషామాషీ కాదు. నాటకంలో చచ్చి పడున్నవాడైనా లేచి, దుమ్ము దులుపుకుని, ఆ పద్యం మళ్లీ పాడి మళ్లీ చావాల్సిందే. లేవనివాణ్ని నటుడని ఒప్పుకోరు. హార్మోనియం తాత మారు మాట్లాడకుండా వరస మొదటినుంచీ ఎత్తుకున్నాడు. అంతకంటే విచిత్రం, చిన్న సావుకారి కూడా లేచాడు! ఊరి పిల్లోడు కదా, అలవాటు. లేచి, జిప్పు సర్దుకుని, మళ్లీ గర్జించాడు. జనం అడిగాక కాదనడానికి నేనెవరిని? రెండోసారి ఇంకా కుదురుగా తగిలింది, వాడి పిర్రల మీద. కుట్లు పటపటమని ఊడి, నీలం తోక వేదిక మీదే ఉండిపోయింది. మాంసాహారి “నాయనా” అని ఏడుస్తూ దూకి ముందు వరుసలో సావుకారి ఒళ్లో పడ్డాడు. గుండీలు నేల మీద దొర్లాయి.

ఊహల సారు పరుగున వచ్చి మైకు అందుకున్నారు. “ఈ విధంగా శాకాహారులు ఆత్మరక్షణ చేసుకుని ఉండవచ్చునని... శాస్త్రవేత్తలు... ఊహిస్తున్నారు!”

“ఊహించేదేముండాది సార్? కండ్లారా చూస్తాండాం గదా!” అని ఎవరో అరిచారు.

సావుకారి మాత్రం నవ్వలేదు. లేచి మా నాయన వైపు తిరిగాడు. “ఇదేనేమప్పా నీ నోట్లో నాలుక లేని పిల్ల? నా మిషన్ల కాడ ఇట్లాంటిది ఒకటుంటే చాలు, తక్కినోళ్లందరూ తోకలు పెంచుతారు. నాకొద్దు. దుర్గంలో ఎవురి కాడికి తోలుకపోయినా నేనే చెప్తా, పెట్టుకోవద్దని” అని కొడుకును రెక్క పట్టుకుని వెళ్లిపోయాడు. షామియానా మాత్రం పీకించలేదు, దాని బాడుగ ముందే కట్టేశాడు.

ఇంటికి నడిచేటప్పుడు నాయన ముందు, నేను గోతాంతోనే వెనక, అమ్మ నా తోక పట్టుకుని ఆ వెనక. నాయన ఉన్నట్టుండి ఆగి తిరిగాడు.

“ఆయప్పను ఎంత బతిమాలితే ఒప్పుకున్యాడో తెలుసునా నీకు? యా దయ్యం పట్టింది?”

“నన్ను అడిగినావా?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “బడి ఇడుస్తావా అని ఒక్క తూరి అడిగినావా నాయనా? గొడ్డును అమ్మినట్ల అమ్మితివి!”

చెయ్యి ఎత్తాడు. కొడతాడనే అనుకున్నాను, కొడితే కొట్టించుకుందామని కదలకుండా నిలబడ్డాను. వెనకనుంచి అమ్మ నిమ్మళంగా అంది, “కొట్టి ఏం చేస్తావు? దుర్గంలో ఇంగ దీన్ని ఎవురూ పెట్టుకోరు. బడికే పంపు.”

నాయన చెయ్యి దించి, ఆకాశం వైపు చూశాడు. “ఇంగ వేరే దావ యాడుండాది” అన్నాడు. ఆ విధంగా నా చదువు మీద ప్రేమతో కాదు, నన్ను పనిలో పెట్టుకునే ధైర్యం ఎవరికీ లేక, నేను పదో తరగతికి పోయాను. ఆ తర్వాత ఇంటరు, ఆపైన నర్సు ట్రైనింగు, ఉద్యోగం. దేనికీ నాయన ముందుగా సరే అనలేదు, దేనికీ నేను అరవకుండా ఊరుకోలేదు.

ఇప్పుడు నాయనకు వయసు మళ్లింది, నా దగ్గరే ఉంటాడు. ఇంటికి ఎవరొచ్చినా “మా పాపకు కోపం జాస్తి. దాని వల్లనే చదువుకునింది” అని గర్వంగా చెబుతాడు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న వచ్చినవాళ్ల ముందరే అన్నాను, “నువ్వు అడిగింటే కోపం లేకుండానే చదువుకునేదాన్ని గదా నాయనా” అని. ఆయన “మమ్మల్ని మాత్రం ఎవురు అడిగినారు పాపా? నేను ఐదో తరగతిలో బడి ఇడిసినప్పుడు నాకు అట్ల తోక తిప్పేది తెలీకపాయె” అన్నాడు. ఆయన బడి మానేశాడని తెలుసు కానీ, మానాలని ఆయనకు లేదన్న సంగతి నాకు అంతవరకూ తెలియదు. నవ్వబోయి నవ్వలేకపోయాను. ఆ పూట ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు.