సరే బాబాయి, మూసిన కిటికీలు

మా వడ్రంగి షెడ్డులో రంపం మిషను నడిపే మనిషికి ‘సరే’ అని పేరు పెట్టింది మా అమ్మ. నాన్న ఏం చెప్పినా ఆయన నోట్లోంచి ఆ ఒక్క మాటే వచ్చేది. నాకు ఆయన సరే బాబాయి. ఆయనా నాన్నా కుర్రతనంలో ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు. నాన్న షెడ్డు పెట్టుకుంటే బాబాయి వెంట వచ్చాడు. నువ్వూ ఒకటి పెట్టుకోవచ్చుగా అని ఎవరైనా అంటే, “పదిమందితో మాట్లాడాలి. నా వల్ల కాదు” అనేవాడు.

ఆ మాట్లాడే పని నాన్నకు మహా ఇష్టం. బల్లలు చేయించుకునేవాళ్లు, కలప అమ్మే షావుకారు, బ్యాంకు మేనేజరు, ఎవరొచ్చినా కుర్చీ తుడిచి వేసేవాడు. వ్యాపారమంటే నలుగురినీ మంచి చేసుకోవడమే అనేవాడు. ఆ నలుగురిలో షెడ్డు లోపలివాళ్లు ఎప్పుడూ లేరు. పాలిష్ పని చేసే కూతుర్ని, అంటే నన్ను కూడా కలిపే చెప్తున్నాను. మేం చెక్కముక్కల మీద కూర్చునేవాళ్లం. “బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత” అని అమ్మ దెప్పితే నాన్న నవ్వేసేవాడు.

బాబాయి చెవితో పని చేసేవాడు. మేం పాత ఇళ్ల తలుపులు, దూలాలు కొని కోస్తాం. వాటిలో ఎక్కడో ఒకచోట మేకు దాక్కుని ఉంటుంది. కోతలో చప్పుడు కాస్త మారితే చాలు, ఏదో తేడాగా ఉందే అని నేననుకునేలోపే ఆయన మిషను ఆపేసేవాడు.

ఇలా ఉండగా పక్కింట్లోకి ఒక నర్సమ్మ అద్దెకొచ్చింది. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఒకరోజు వచ్చి, నిద్ర పట్టడం లేదని నెమ్మదిగానే చెప్పింది. ఫిర్యాదు చేస్తే షెడ్డు మూయిస్తారని నాన్నకు భయం పట్టుకుంది. వెంటనే కిటికీలన్నిటికీ మందపాటి చెక్కలు కొట్టించాడు.

“ఇక వీటిని తియ్యొద్దు” అన్నాడు.

“సరే” అన్నాడు బాబాయి.

నర్సమ్మ సంతోషించింది. వీధి వీధంతా నాన్నను మెచ్చుకుంది. బయటికి పోని చప్పుడు ఎక్కడికి పోతుంది? లోపలే తిరిగేది. నేను పాలిష్ డబ్బాలు తీసుకుని వెనక వరండాలోకి పోయాను. రంపాన్ని అలా మోసుకుపోలేరుగా, బాబాయి అక్కడే ఉండిపోయాడు. కొన్నాళ్లకు భోజనానికి పిలిస్తే పలికేవాడు కాదు. పరధ్యానం అనుకున్నాం.

ఒక ఉదయం నాన్న ఎవరికో బల్ల చూపిస్తున్నాడు. ఉన్నట్టుండి రంపం గొంతు మారింది. ఇప్పుడు ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు అని చూశాను. ఆపలేదు. నేను పరుగెత్తేసరికి బ్లేడు పళ్లు ఊడి ఎగిరాయి. ఒకటి బాబాయి చెంప కోసుకుంటూ పోయింది. నాన్న వచ్చి స్విచ్చి ఆపేశాడు.

“అంత అరుపు అరిచింది కదరా, వినబడలేదా?”

బాబాయి నాన్న పెదాలకేసి చూశాడు. “ఈమధ్య సరిగ్గా వినబడటం లేదన్నా.”

గోలకు నిద్ర లేచి నర్సమ్మ వచ్చింది. గాయం తుడుస్తూ కిటికీల వైపు చూసింది. “ఇవి నా కోసం మూశారా? ఆ మోతలో మనిషిని పెట్టారా?” అంది. బాబాయిని చెవుల డాక్టరు దగ్గరికి ఆవిడే తీసుకెళ్లింది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోండి అన్నాడట ఆయన.

మర్నాడు చెక్కలు ఊడదీశారు. నర్సమ్మ నిద్ర లేచాకే రంపం వేసేలా ఒప్పందం కుదిరింది. అప్పుడడిగాడు నాన్న, “కిటికీలు మూస్తే కష్టమని ఒక్క మాట అనొచ్చుగా?”

“నువ్వు అడగలేదన్నా. చెప్పావు. చెప్తే సరే అన్నాను.”

నాకు నాన్న మీద కోపమొచ్చింది, జాలీ వేసింది. ఆయన చెక్కముక్క మీద కూలబడ్డాడు. “పోనీ ఇప్పుడు అడుగుతున్నాను. నీకేం కావాలి?”

బాబాయి రంపం వైపు చూశాడు. “అక్కడ ఇక నేను నిలబడకూడదు. మేకు తగిలినా తెలియనివాడి వల్ల పక్కవాళ్లకు ప్రమాదం. కిటికీ దగ్గర ఉలి పని ఇయ్యి.”

రంపం దగ్గరే ఆయన తల నెరిసింది. నాన్న తల వంచుకుని, “సరే” అన్నాడు.

బాబాయికి అది అందలేదు. నాన్న తలెత్తి, ఆయన ముఖంలోకి చూస్తూ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.