కనకరాజు కొండబఠానీ

నాచారంలో లేతు మిషను ముందు పంతొమ్మిదేళ్లు నిలబడ్డ మనిషికి మోకాళ్లు మిగులుతాయంటే నమ్మకండి. కనకరాజుకు ఉన్నవి తుప్పు పట్టిన మడతబందులు. బస్సు దిగి పీర్జాదిగూడలో ఇంటికి నడుస్తుంటే ఆ కిర్రుచప్పుడుకు వీధికుక్కలు లేచి దారిచ్చేవి.

మిషను దగ్గర్నుంచి బయటపడడానికి అతను బఠానీని నమ్ముకున్నాడు. ఇంటి పక్కనున్న ఖాళీ ప్లాటు రిటైరైన రైల్వే ఉద్యోగి సీతారామయ్యది. పిచ్చిమొక్కలు పెరిగేకన్నా నయమని సాగుకిచ్చాడు. మూడేళ్లుగా కనకరాజు అక్టోబరు చివర పొట్టిరకం విత్తేవాడు. ఫ్యాక్టరీల్లో అట్టపెట్టెలకు చుట్టి పారేసిన ప్లాస్టిక్ పట్టీలు ఏరుకొచ్చి, కర్రలకు కట్టి తీగలు పాకించేవాడు. రెండు నెలలకు కాయ. ఉప్పల్ చౌరస్తాలో భార్య కౌసల్యమ్మ గంప దించితే మెట్రో రైలు కూడా ఓ క్షణం ఆగి వాసన చూసి పోయేదని చెప్పుకునేవాడు.

ఈ ఏడు పంట దండిగా వస్తే ఇంకో రెండు ప్లాట్లు అడిగి, మార్చి ఒకటి నుంచి షిఫ్టు మానేద్దామనుకున్నాడు. సూపర్‌వైజర్ గిరిప్రసాద్‌కు చెప్పేశాడు కూడా. పంట ఎట్లొస్తుందో ఫిబ్రవరి ఆఖరు దాకా చూసుకొని చెప్పమన్నాడతను.

సరిగ్గా అప్పుడే బుద్ధి గడ్డి తిన్నది. లారీ నడిపే బావమరిది శివ హిమాచల్ నుంచి సంచెడు విత్తనం తెచ్చాడు.

"ఆడ ఎండకాలంల కాస్తది బావా. కాయ జానెడుంటది. ఎండకే కాసేది, ఈడ సలికి కాయదా?"

"సగం పాత ఇత్తనమే ఎయ్యి," అన్నది కౌసల్యమ్మ.

"సగం సగం పనులు జేసే గిట్లున్న," అని కనకరాజు ప్లాటంతా కొండవిత్తనమే వేశాడు.

తీగలు డిసెంబరుకు మనిషి ఎత్తు దాటాయి. జనవరిలో గోడెక్కి పక్కింటి రెండో అంతస్తు బాల్కనీలో బట్టలారేశాయి. పూత మాత్రం లేదు. ఫిబ్రవరి రెండో వారంలో వచ్చింది. అప్పటికే వాడలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పూలు పొద్దున విచ్చి, సాయంత్రానికి మాడి రాలాయి.

సీతారామయ్య వచ్చి చూశాడు. "కొండల మీద ఎండాకాలమంటే మన డిసెంబరయ్యా. రాత్రిపూట రగ్గు కప్పుకోవాలి. ఈ రకానికి పూత రావడానికే మూడు నెలలు కావాలి. అన్నాళ్లు ఇక్కడ చలిని ఎవడు పట్టి ఉంచుతాడు?"

"ఫ్యాక్టరీల పెద్ద ఏసీ ఉన్నది సార్. అడిగి సూస్త," అన్నాడు కనకరాజు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

నెలాఖరు రోజు కౌసల్యమ్మ ప్లాటంతా గాలించి చెంగు నిండా కాయలు తెచ్చింది. ఒలిచి చూస్తే కాయకు రెండు గింజలు, మిరియమంత.

"ఫ్యాక్టరీల సారుకు ఏం జెప్తవ్?"

"తప్పు శివగాని మీద పెట్టొచ్చు గని," అన్నాడు, అరచేతిలో గింజలు దొర్లిస్తూ. "వాడు తెచ్చిండు. మొత్తం ఏసింది నేనే."

ఆ మధ్యాహ్నం షిఫ్టుకు పోతే గేటు దగ్గరే గిరిప్రసాద్ ఎదురయ్యాడు. "ఏంది కనకరాజు, పంటెట్లొచ్చింది?"

"ఎదిగింది సార్. మస్తు ఎదిగింది."

గిరిప్రసాద్ చేతిలోని మార్చి డ్యూటీ చార్టు విప్పాడు. అందులో కనకరాజు పేరు కొట్టేయకుండానే ఉంచినట్టున్నాడు. వేలు పెట్టి చూపించాడు. మొదటి వారం రాత్రి షిఫ్టు. కనకరాజు తలూపి లోపలికి నడిచాడు.