పాచి నీళ్ళు

మా మనవరాలు ఈమధ్య ఆక్సలాటల్ అనే నీటి ప్రాణి పిల్లల్ని రెండింటిని గాజుతొట్టిలో పెంచుతోంది. చేపా కాదు, బల్లీ కాదు. మెడకి అటూ ఇటూ ఎర్రటి కుచ్చులు, పుల్లల్లాంటి కాళ్ళు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు. వాటికి పొయ్యాల్సిన నీళ్ళు ముందురోజే బకెట్లో పట్టి, ఎవరూ పారబొయ్యొద్దని ఇంటిల్లిపాదినీ హెచ్చరిస్తుంది. నిలవ నీళ్ళే వాటికి మంచివట. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు జంషెడ్‌పూర్ తప్ప మరోటి తోచలేదు.

డెబ్భైల చివర నాన్న లారీల ఫ్యాక్టరీలో పనిచేసేవారు, మేము టెల్కో కాలనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం దాటి ఎరగని అమ్మకి హిందీ ముక్క రాదు. ఆ వీధి మొత్తంలో ఆమెతో కూర్చుని మాట్లాడే మనిషి పక్కింటి బెంగాలీ ఆవిడ ఒక్కతే, ఆవిణ్ణి నేను మాసీ అనేదాన్ని, పిన్ని అన్నట్టు. సాయంత్రాలు ఇద్దరూ వరండాలో కూర్చునేవారు, ఒకరి మాట ఒకరికి చేరవెయ్యడానికి మధ్యలో బళ్ళో హిందీ నేర్చిన పదేళ్ళ నేను. ఆటకి వేళ మించిపోతోందని అమ్మ చెప్పిన పది మాటల్ని రెండింటికి కుదించేసేదాన్ని. అయినా వాళ్ళ స్నేహానికి ఏ లోటూ రాలేదు.

మాసీ ఇంట్లో గాజుతొట్టి ఉండేది, అందులో గప్పీ చేపలు. ఒకసారి ఒక చేప పిల్లల్ని పెడితే, తల్లే తినేస్తుందని మాసీ ఆ ఆవగింజల్లాంటి వాటిని వేరే సీసాలోకి తీసింది. ఇంతలో మాసీ వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చి, కలకత్తా వెళ్తూ ఆ సీసా మా అమ్మ చేతికిచ్చింది. వీధి నిండా బెంగాలీ వాళ్ళుండగా తనకే ఇచ్చిందని అమ్మ పొంగిపోయింది. మాసీ చెప్పిన ప్రకారం, ఉడికిన గుడ్డు పచ్చసొనని గుడ్డలో నలిపి వాటికి వెయ్యాలి. కార్తీకమాసం కనక అమ్మ గుడ్డు ముట్టదు, అది నా పని. రోజూ సీసాలో కాస్త నీరు తీసి 'బాసీ పానీ' పొయ్యాలి, అది అమ్మ పని.

నేను ఉన్నదున్నట్టు పాచి నీళ్ళు పొయ్యమందని చెప్పాను. అమ్మ నమ్మలేదు. మా ఇంట్లో రాత్రి నీళ్ళు పొద్దుటికి పాచి, పారబోసి బిందె తోమి కొత్తనీళ్ళు పట్టాకే పొయ్యి వెలిగేది. "ఇంటికొచ్చిన మనిసికే పాచి నీళ్ళియ్యం, నోరునేని జీవాలకెలాగ పోత్తామే? పొయ్యొద్దని సెప్పుంటాది, నువ్వే సరిగ్గా ఇన్లేదు," అంది. ఏమో, నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. అమ్మ రోజూ పొద్దున్నే సీసా ఖాళీ చేసి, పిల్లల్ని గిన్నెలోకి వొంపి, ధారగా వచ్చే కుళాయి నీళ్ళు నిండుగా పోసేది. కుళాయి నీళ్ళలో కలిపే మందు ఒకరోజు నిలవుంటే గాని పోదనీ, చేపలకి అది పడదనీ నేను కాలేజీలో చదువుకునేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నాలుగో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. సాక్చీ బజారులో వేరేవి కొని తెస్తానని నాన్న అంటే అమ్మ ఆయన మీద విరుచుకుపడింది. చేపలు దొరుకుతాయి, మాసీ మళ్ళీ మన గుమ్మం ఎక్కుతుందా అని అమ్మ బాధ. నాకూ భయం వేసింది. మాసీ రాకపోతే అమ్మకి ఇంకెవరూ లేరు.

మాసీ వచ్చిన రోజు అమ్మ ఖాళీ సీసా పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. "తప్పు నాదేనని సెప్పు. నువ్వు సెప్పినా ఇన్లేదని సెప్పు. ఒక్క ముక్క దాయకు," అంది. నేను మాసీ వైపు తిరిగి, చలికి చచ్చిపోయాయని హిందీలో చెప్పాను. మాసీ కళ్ళు చెమర్చాయి. ఈ చలికి నువ్వేం చేస్తావని అమ్మ రెండు చేతులూ పట్టుకుని, లోపలికి తీసుకెళ్ళి టీ పెట్టి ఇచ్చింది. అమ్మ ఆ టీ తాగుతూ ఏడ్చింది. మేము కాలనీ వదిలేదాకా వాళ్ళ సాయంత్రాలు ఎప్పటిలాగే సాగాయి.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నాలుగు భాషలు మాట్లాడతారు, ఎవరి మాటా ఎవరూ మోసుకెళ్ళక్కర్లేదు. అది మంచిదే. చేసిన తప్పు ఒప్పుకుంటే నిండు మనసుతో క్షమించేసిందని, అలాంటి మనుషులు ఇప్పుడు లేరని అమ్మ చివరిదాకా మాసీ గురించి చెప్పుకునేది. చెప్పిన ప్రతిసారీ సాక్ష్యానికి నా వైపు చూసేది. నేను అవునని తలూపేదాన్ని.