బూడిద రంగు పసుపు

నేర్పిస్తానన్న విద్యను వద్దని, ఆ మేరకు మూడు వందలు తగ్గించుకున్న ఘనుణ్ని నేను. అఫ్జల్‌గంజ్‌లో నాకు పాత డిజిటల్ కెమెరా అమ్మిన పెద్దమనిషి, ధరలోనే అరగంట పాఠం కూడా ఉందన్నాడు. పాఠం మీ దగ్గరే ఉంచుకుని దాని ఖరీదు తీసేయండి అన్నాను. తీసేశాడు. మాదన్నపేటలో మా కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని. తూకంలో సంచి బరువు కూడా తీసేయమని అడిగే వంశం మాది.

ఆ కెమెరాలో నాకు తెలిసిన మీట ఒక్కటే, రంగు తీసేసేది. అది నొక్కితే వెనక తెర మీద లోకమంతా నలుపు తెలుపయ్యేది. బోర్డులు, ప్లాస్టిక్ బకెట్లు, ఎల్ఈడీ దీపాల గోల అంతా అణిగిపోయి, పురానాపూల్ దగ్గర కూరలమ్మే ముసలమ్మ చేతి ముడతలు మిగిలేవి. నెలరోజులు నేను రంగు ముట్టలేదు.

చెల్లెలి పెళ్లికి ముందురోజు మైలపోలు, పెళ్లికూతురికి పసుపు పూసి మంగళస్నానం చేయించే వేడుక. ఫొటోగ్రాఫర్ నాలుగు వేలు అడిగాడని విని, ఆ పని నేనే చేస్తానని బాపుతో చెప్పాను. చేశాను కూడా. ముత్తయిదువలు చెల్లెలికి పసుపు పూస్తుంటే మోకాళ్ల మీద కూర్చుని, బల్ల ఎక్కి, రెండు వందల పది ఫొటోలు తీశాను. కంటికి అలవాటైపోయింది కదా, తెర మీది ఆ బూడిద రంగే నాకు అందంగా కనిపించింది.

స్నానం చేసి వచ్చిన చెల్లెలు తల తుడుచుకుంటూ కెమెరా అడిగింది. నాలుగు ఫొటోలు చూసి ఆగిపోయింది.

"ఏందన్నా ఇది? ముఖానికి బూడిద పూసుకున్నట్టు కనవడుతున్న."

వెలుగు చూడు, నీడలు చూడు అని ఏదో చెప్పబోయాను.

"నీడలు నేనేం జేసుకోవాలె? నా పసుపేది?"

మళ్లీ పూద్దామా అని అడగడం ఆ రోజు నేను చేసిన రెండో తెలివైన పని. మంగళస్నానం అయ్యాక మళ్లీ మైలపోలు ఎవరు తీస్తారని అమ్మ కసిరింది. చెల్లెలు ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి సముదాయించేవాణ్ని. కెమెరా నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే అఫ్జల్‌గంజ్‌కు పరుగెత్తాను. కెమెరా అమ్మినాయన కార్డు తీసి కంప్యూటర్‌కు పెట్టాడు. ఒక్కో ఫొటోకు రెండేసి ఫైళ్లున్నాయి. నేను చూసింది చిన్నది. పక్కనున్న పెద్దదాన్ని తెరిచాడు. తెర మీద చెల్లెలు ఒళ్లంతా పసుపుతో నవ్వుతోంది.

"రంగు యాడికి పోలే భాయ్. నువ్వు జూసింది శాంపిల్. సరుకంత బస్తాలనే ఉన్నది," అన్నాడు. కెమెరా మొదటి యజమాని నలుపు తెలుపుదీ రంగుదీ రెండూ దాచేలా పెట్టి ఉంచాడట. నేను వద్దన్న పాఠంలో మొదటి ముక్క అదేనట.

స్టూలు మీద కూలబడ్డాను. రంగు ఫొటోలన్నీ తీసివ్వడానికి ఐదు వందలన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బేరమాడకుండా ఇచ్చాను.

"తబియత్ మంచిగున్నదా? జెరమేమన్న ఒచ్చిందా?" అని అడిగాడు.

ఇంటికొచ్చి ఫోన్‌లో చూపిస్తే, చెల్లెలు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసుకుంది. అమ్మ చేతులు ఆమె చెంపల మీదున్న ఫొటో దగ్గర మాత్రం పాత నలుపు తెలుపుదీ తీయమంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "రెండూ ఇయ్యి. ఫిరీనే గదా," అంది. మా వంశమే.

ఇక లెక్క. రంగులకు ఐదు వందలు, ఆల్బంకు రెండు వేల రెండు వందలు, వెరసి రెండు వేల ఏడు వందలు. నాలుగు వేలలోంచి తీసేస్తే పదమూడు వందలు లాభమని చెప్పి ఊరుకోవచ్చు. కానీ రెండు వందల పదిలో పనికొచ్చినవి ముప్పై ఎనిమిది. మిగతావాటిలో ముత్తయిదువల చేతులున్నాయి గానీ ముఖాలు లేవు, ముఖాలున్నచోట అంతా మసక. ఆ ఫొటోగ్రాఫర్ నాలుగు వేలకు ఆల్బంతో సహా వంద ఫొటోలిస్తానన్నాడు. ఆయనది ఫొటో నలభై రూపాయలు. నాది డెబ్బై ఒకటి పడింది.