ఆఖరి చేగోడీ

నిన్న మధ్యాహ్నం పెరట్లో టమాటా మొక్కలు పెడదామని మట్టిలో కలిపే మాగిన నాచు, పీట్ మాస్ సంచి కత్తిరించాను. లోపలినుంచి కాస్త పులుపు కలిసిన తడి వాసన గుప్పుమంది. చేస్తున్న పని ఆపి, సంచి మూతిలో తల దూర్చి మళ్ళీ మళ్ళీ పీల్చాను. పక్కన కుండీలు పట్టుకుని నిలబడ్డ మా అమ్మాయి, "అమ్మా, వై ఆర్ యూ స్మెల్లింగ్ డర్ట్?" అంది. దానికేం చెప్పను? న్యూఫౌండ్లాండ్ దీవిలో ఒక కొండంతా ఇదే వాసన వేస్తుందనీ, ఆ కొండ నాచేత ఎక్కించిన డాక్టర్ విమల గ్రేస్ గారు పోయి రెండేళ్ళయినా ఆవిడ నాతో పోట్లాడుతూనే ఉన్నారనీ చెబితే నవ్వుతుంది. ఇక్కడ ఒంటారియోలో, ఈ వాన్ అనే ఊళ్ళో మా ఇంటి చుట్టూ కొండా లేదు, గుట్టా లేదు, గోడౌన్లూ లారీలూ తప్ప.

ఫిజియోథెరపీ లైసెన్స్ వచ్చిన కొత్తలో నాకు ఉద్యోగం ఇచ్చింది ఆవిడ ఒక్కరే. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, చిన్న క్లినిక్. మా ఆయన ఉద్యోగం ఇక్కడ వాన్‌లో. నేనక్కడ ఒక మేడమీది గదిలో. ఆవిడది నరసాపురం వైపు. పెళ్ళి చేసుకోలేదు, ఆ ఊళ్ళో సగం మంది పుట్టింది ఆవిడ చేతుల మీదే. అసలే నాకు కాలు ఒకచోట నిలవదు. అలాంటిదాన్ని ఆ ఊళ్ళో పడేస్తే ఎలా ఉంటుంది? ఒక ఆదివారం ప్రార్థన అవగానే చర్చి నుంచి నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు. "ఏవమ్మా సుజాతా, రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావట గదిలో! కింద ఇంటావిడ మొత్తుకుంటోంది. సైకిలొచ్చా?" అన్నారు. "వచ్చు మేడమ్" అన్నాను. "క్లినిక్ దాటాక మేడమ్ ఏవిటి, ఆంటీ అను. పద, ఆ అడుగులేవో కొండ మీద వేద్దువుగాని!" అంటూ అప్పటికే మెట్లు దిగిపోతున్నారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పని. ఊరు దాటాక కంకర రోడ్డు. చెట్టన్నది లేదు. మోకాలెత్తు పొదలు, నాచు, ఎక్కడికక్కడ నీటిగుంటలు. అక్కడివాళ్ళు ఆ నేలని బారెన్స్ అంటారు. గాలి ఎదురొస్తే సైకిల్ దిగి నెట్టుకుంటూ పోవాల్సిందే. చుడీదార్ మీద ఎర్ర విండ్‌చీటర్ వేసుకుని, అరవై దాటిన మనిషి, నాకంటే ముందు తొక్కేవారు. రోడ్డు అంతమయ్యే చోట సైకిళ్ళు పడుకోబెట్టి నడక. అడుగు వేస్తే నేల లోపలికి దిగి, బూటు తీయగానే ఈ వాసనే పైకి వచ్చేది. సగం కొండ దగ్గర పెద్ద బండ ఉంది. దాని మీద కూర్చుని చేగోడీల డబ్బా తీసేవారు. అక్కడ మొదలయ్యేది అసలు తంతు. "తిను" అని ఆవిడ, "మీరు తినండి" అని నేను. ఆఖరి చేగోడీ ఎవరం తీసుకునేవాళ్ళం కాదు. అది ప్రతిసారీ డబ్బాలో గలగలలాడుతూ ఇంటికి తిరిగొచ్చేది. బండ దాటి పైకి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. పైన ఏముందో చూడాలని నాకు ప్రాణం కొట్టుకునేది గానీ ఆవిడ లేస్తే నేనూ లేచి దిగిపోయేదాన్ని.

ఇలా ఉండగా నాకు ఇక్కడ వాన్ దగ్గర ఒక క్లినిక్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారానికల్లా జవాబివ్వాలి. "ఇంకా చెప్పలేదా? ఏం భయమే నీకు?" అని మా ఆయన ఫోన్లో రోజూ సాధింపు. భయం కాదు, మొహమాటం. ఎవరూ ఇవ్వనప్పుడు పిలిచి పని ఇచ్చిన మనిషికి, ఇక వెళ్ళొస్తానండీ అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నేను పోతే ఆ ఊరికి ఇంకో ఫిజియో ఎప్పటికి దొరకాలి? వారమంతా నోటిదాకా తెచ్చుకోవడం, మింగేయడం. ఆ ఆదివారం బండ దగ్గర ఆవిడ డబ్బా తీయలేదు. "ఇవాళ పైదాకా వెళ్దామా?" అన్నారు. సముద్రం వైపునుంచి పొగమంచు లేస్తోంది. తిరిగి వెళ్ళిపోదామనే ఉంది నాకు. "మీరెలా అంటే అలా ఆంటీ" అన్నాను. "నీ ఇష్టమేనమ్మా" అన్నారావిడ. ఇద్దరం ఎక్కాం. కాస్త దూరం పోయాక అడిగాను, "పర్లేదా ఆంటీ?" అని. "పర్లేదు, నీకో?" "నాకేం, బానే ఉంది." ఎదుట పది గజాలు కనబడటం లేదు. ఇద్దరం బానే ఉన్నామట! శిఖరం ఇంకొంచెంలో ఉందనగా ఆవిడ నాచు మీద కూలబడ్డారు. మొహం పాలిపోయి ఉంది. జేబులోంచి చిన్న స్ప్రే తీసి నాలుక కింద కొట్టుకున్నారు.

అది గుండెనొప్పి మందని నాకు తెలుసు. "ఎప్పటినుంచి నొప్పి?" అన్నాను. "సైకిలెక్కినప్పటినుంచీ కాస్త పట్టేసినట్టుంది. నువ్వు హుషారుగా వస్తున్నావు కదా, చెడగొట్టడం ఎందుకని..." అన్నారు. భయంతో నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. గారూ లేదు, ఆంటీ లేదు. "హుషారా? నా మొహం! మీరు పైకన్నారు కాబట్టి చచ్చినట్టు వచ్చాను! డాక్టరై ఉండి బుద్ధుందా మీకు?" అని అరిచేశాను. ఆ ఊపులోనే, ఆపుకోలేక, "నేను ఉద్యోగం మానేసి ఒంటారియో వెళ్ళిపోతున్నాను, అది చెప్పడానికి వారం నుంచి చస్తున్నాను" అని కూడా అనేశాను. ఆవిడ కళ్ళు మూసుకునే నవ్వారు. "తెలుసు. నీ గురించి అడగడానికి వాళ్ళు క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఎత్తింది నేనే. బంగారం లాంటి పిల్ల అని చెప్పాను. నువ్వే చెప్తావని చూశా. బండ దగ్గర నోరు విప్పలేదు, పైకెళ్తే చెప్తావేమోనని తీసుకొచ్చా" అన్నారు. నేను ఏడ్చేశాను. నాకు మాట పెగలడానికి ఆవిడ గుండెనొప్పితో కొండెక్కారు.

నొప్పి సద్దుమణిగాక ఆవిడ చెయ్యి నా భుజం మీద వేయించుకుని, ఆగి ఆగి రోడ్డుకి చేర్చాను. ఫోన్ కలిసింది, అంబులెన్స్ వచ్చింది. సెయింట్ జాన్స్ పట్నంలో బైపాస్ చేయాలన్నారు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, "మీరు కోలుకునేదాకా ఉంటాను ఆంటీ, ఆ ఉద్యోగం వద్దని రాసేస్తాను" అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "ఇది ప్రేమా, మొహమాటమా? తేల్చుకుని చెప్పు" అన్నారు. "సగం సగం" అన్నాను చివరికి. "సగం మొహమాటం అయితే వెళ్ళు. ఉండిపోతే రేపు నన్నే తిట్టుకుంటావు. నా చెల్లెలొస్తోంది నరసాపురం నుంచి, అది చూసుకుంటుంది, నన్నేం చంపదులే" అన్నారు. ఆపరేషన్ బాగా జరిగిందని తెలిశాక వెళ్ళాను.

మరుసటి వేసవిలో మళ్ళీ వెళ్ళాను, ఎవరూ రమ్మనలేదు, నాకు చూడాలనిపించి. ఈసారి సైకిళ్ళు తొక్కింది తక్కువ, నెట్టింది ఎక్కువ. బండ దగ్గర ఆవిడ కూర్చుని, "ఇంతే, నా వల్ల కాదు. నీకుందా వెళ్ళాలని?" అన్నారు. "ఉంది ఆంటీ." "మరి వెళ్ళు!" వెళ్ళాను. పైన ఏమీ లేదు, గాలి తప్ప. కిందికి చూస్తే బండ మీద ఎర్ర విండ్‌చీటర్ హాయిగా కాళ్ళు చాపుకుని ఉంది. దిగి వచ్చేసరికి డబ్బా ఖాళీ. "నీకు ఉంచుదామనుకున్నా. ఆకలేసింది, తినేశా" అన్నారు, ఏమాత్రం సిగ్గుపడకుండా. "ఆఖరిది కూడానా?" అన్నాను. "ఆఖరిదే బావుంది!" అన్నారు. అంతలా ఎప్పుడూ నవ్వుకోలేదు మేం.

ఇప్పటికీ ఎవరేం అడిగినా ముందు 'పర్లేదండీ' అనే మాటే నోటికొస్తుంది. ఆ వెంటనే ఆవిడ అడుగుతారు, ప్రేమా మొహమాటమా అని. ఇంట్లో చివరి గారె ఎవరికి కావాలంటే నాకే అంటాను, మా ఆయన నవ్వుతాడు. నిన్న పెరట్లో కాసేపయ్యాక మా అమ్మాయి కుండీ కింద పెట్టి, "అమ్మా, కెన్ ఐ గో ఇన్? దిస్ ఈజ్ బోరింగ్" అంది. 'సరే వెళ్ళు, పర్లేదు' అనబోయి ఆగాను. "నాకు నువ్వు ఇక్కడుండాలని ఉందే. నీకు లేకపోతే వెళ్ళు" అన్నాను. అది నన్ను వింతగా చూసింది. "ఓకే, కానీ ఐ స్టిల్ థింక్ ఇట్స్ బోరింగ్" అంటూ నా పక్కన చతికిలబడి, సంచి తన వైపు లాక్కుని వాసన చూసింది.