మా సాక్ష్యం రాసుకున్న మేడమ్

మా మేడమ్ పోయారని మొన్న పొద్దున బాపట్ల నుంచి ఫోనొచ్చింది. చేసినాయన కోర్టు సమన్లు ఇంటింటికీ అందించే ఉద్యోగి. "మనల్ని గెలిపించే వెళ్లారమ్మా" అన్నాడు. ఆ గొంతులో దుఃఖం కన్నా గర్వమే ఎక్కువ వినపడింది.

తెనాలిలో ఉండే మేడమ్ కోర్టు ఆఫీసు సిబ్బంది మీద అధికారిగా పనిచేసి రిటైరయ్యారు. నేను అదే కోర్టులో సాక్షులు చెప్పేది టైపు చేస్తాను. ఒక కేసులో చిన్నపాప చెప్పిన మాటలు రోజంతా టైపు చేశాక నాకు ముద్ద దిగలేదు. వారం చూసి, రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకుని రేపల్లె ప్యాసింజరెక్కాను. ఎదురు సీట్లో మేడమ్.

"ఏంటమ్మా, ఇలా చిక్కిపోయావ్?"

చెప్పాను. ఓదార్చలేదు. నోటుబుక్కు తీసి, "మొదట్నుంచి చెప్పు, రాసుకుంటా" అన్నారు. భట్టిప్రోలు దాటినా రాస్తూనే ఉన్నారు. దిగేముందు, "ఆ కాగితం కొన్నాళ్లు బ్యాగులోనే ఉండనీ" అన్నారు.

అప్పట్నుంచి చుట్టుపక్కల కోర్టుల సిబ్బందిని రైళ్లలో, ఇళ్లలో కలిసేవారు. ముందు జంతికల డబ్బా చేతికిచ్చేవారు. పెన్సిలుతోనే రాసేవారు. "పెన్ను చూస్తే మనవాళ్లు బిగుసుకుపోతారమ్మా." పేర్లు రాసేవారు కాదు. టైపిస్టుల మణికట్టు నొప్పులు, సమన్లు పట్టుకుని ఎండలో తిరిగేవాళ్ల కాళ్ల బొబ్బలు, విన్న ఘోరాలు ఇంటిదాకా వెంటరావడం, అన్నీ రాసి, కోర్టులో సాక్షులకు వాళ్ల మాటలు వినిపించినట్టే తిరిగి చదివి వినిపించేవారు.

రెండేళ్ల తర్వాత అవన్నీ కలిపి నివేదికగా రాసి పై అధికారి దగ్గరికి తీసుకెళ్లారు. తోడుగా నేను వెళ్లాను.

"ఇది కోర్టు మీద ఫిర్యాదాండి?" అని ఆయన అడిగారు.

"కాదండి, సాక్ష్యం. ఇన్నేళ్లూ అందరి సాక్ష్యం మేం రాశాం. మాది ఎవరూ రాయలేదు."

ఆయన కూర్చోమని, చివరిదాకా చదివారు. తలెత్తి, "ఈ పాప కేసు టైపు చేసిందెవరు?" అన్నారు.

"నేనేనండి."

అలాంటి గదుల్లో ఎన్నేళ్లుగానో ఇతరుల మాటలు టైపు చేశాను. నా మాట నేను చెప్పడం అదే మొదలు.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. అలాంటి కేసుల్లో టైపిస్టులు వంతులవారీగా కూర్చోవాలి, మధ్యలో విరామం ఇవ్వాలి, నెలకోసారి మనసు విప్పి మాట్లాడుకోవడానికి డాక్టరు రావాలి. నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను.

ఉత్తర్వు వచ్చిన సాయంత్రం రేపల్లె రైల్లో మేడమ్ ఒక చేత్తో కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడి, ఆ ఉత్తర్వు పెద్దగా చదివారు. అదే పెట్టెలో ఉన్న మా కోర్టువాళ్లు చప్పట్లు కొడితే, సంగతేంటో తెలియని పూలబుట్టల ఆడవాళ్లూ కొట్టారు. మేడమ్ నవ్వు ఆపుకోలేక, చదివిన లైనే మళ్లీ చదువుతున్నారు.