పడవ అంచున కొత్త తాడు

రేవులో అందరూ ఆయన్ని అతుకులాయన అనేవారు. ఒకప్పుడు ఇటుకలు మోసిన పాత పడవ మీద, మధ్యలో రేకుల గది కట్టుకుని, భార్యతో ఇరవై రెండేళ్లు కాపురం చేశాడు. విరిగిన గొడుగు, పిడి ఊడిన గిన్నె, నోరు తెరిచిన చెప్పు, చిల్లుపడ్డ సంచి, ఏది పాడైనా ఆ పడవ ఎక్కాల్సిందే. దబ్బనం, మైనం పూసిన దారం, చిన్న సుత్తి, కత్తెర. అంతే ఆయన సరంజామా. వస్తువును అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికింకా ఆయుష్షుంది," అనేవాడు. డాక్టరు కూడా అంత ధీమాగా చెప్పడని జనం నవ్వుకునేవారు.

సొంత ఇంటి సంగతి వేరు. "ఊరందరి గుండీలూ మీ ఒళ్లోనే ఉంటాయి. మీ చొక్కాకి మాత్రం పిన్నీసు," అని భార్య దెప్పేది. చివరికి ఆ గుండీ కూడా ఆమే కుట్టేది. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె కుట్టు చూడగానే తెలిసిపోయేది. కుట్లన్నీ ఆయన కుట్లకు ఎదురు దిక్కుగా ఒరిగి ఉండేవి.

పడవ అంచు వెంబడి పట్టుకు నడవడానికి గుంజలకు తాడు కట్టి ఉండేది. నీళ్ల తొట్టి దగ్గర ఆ తాడు ఎండకు మాడి, వానకు నాని, పోగులు విడిపోయింది. ఆమె చెప్పింది, ఒకసారి కాదు. "రేపు చూద్దాంలే," అన్నాడాయన. ఆ రేపుల్లోనే నెల గడిచిపోయింది.

ఒక ఉదయం బడి పంతులమ్మకు గొడుగు ఇచ్చి రావడానికి ఒడ్డుకు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి రేవు మెట్ల మీద జనం. పక్క పడవలో ఉండే చేపలమ్మ గుండెలు బాదుకుంటోంది. అందరి కళ్లూ నీళ్ల మీదే ఉన్నాయి. తెగిన తాడు కొసలు రెండూ వేలాడుతుండటం చూసింది ఆయనొక్కడే.

మధ్యాహ్నానికి భార్య దొరికింది, ప్రాణం లేకుండా. ఒడ్డున పడుకోబెట్టి అందరూ చుట్టూ చేరిన ఆ కాసేపట్లోనే ఆయన పడవ మీదికి వచ్చాడు. తెగిన ముక్కను కోసి నీళ్లలో పడేశాడు. అదే కొలతకి కొత్త తాడు కట్టేశాడు. జన్మలో ఏ పనీ ఆయన అంత త్వరగా చేయలేదు.

మూడో రోజు అత్తగారు వచ్చింది. పెద్దామెకు చూపు ఆనదు. మనిషి అలికిడిని బట్టే పోల్చుకుంటుంది.

"ఎలా జరిగింది నాయనా?"

"తొట్టి దగ్గర కాలు జారింది అత్తయ్యా."

ఆమె తాడు పట్టుకుని పడవ అంచు వెంట ఒక చుట్టు నడిచింది. తర్వాత మూట విప్పి, కూతురు పడుకునే చోటే తన దుప్పటి పరుచుకుంది. వెళ్తానని ఆమె అనలేదు, వెళ్లమని ఆయన అనలేదు.

రెండు నెలలు గడిచాక ఒకరోజు ఆయన చొక్కా తొడుక్కోబోయి ఆగిపోయాడు. మోచేతి దగ్గర చిరుగు పూడి ఉంది. కుట్లన్నీ ఎదురు దిక్కుకు ఒరిగి ఉన్నాయి. ఆ వారంలోనే దిండు గలీబు అంచు బాగుపడింది, తర్వాత సంచి పట్టీ. అదే కుట్టు. అత్తగారిని అడగడానికి నోరు రాలేదు. కళ్లు కనపడని మనిషి ఎలా కుడుతుంది? పైగా అడిగితే మాట మీద మాట వచ్చి, తాడు దాకా వెళ్తుందేమోనని భయం.

భార్యే వస్తోందనుకున్నాడు. తాడు సంగతి తనకి కాక తెలిసింది ఆమెకే కదా. ఆ చొక్కా తొడుక్కుంటే ఊపిరాడేది కాదు, తొడుక్కోకుండా ఉండలేకపోయేవాడు. చివరికి కావాలనే ఒక తువ్వాలు చింపి పెట్టాడు. మూడో నాటికి అదీ బాగుపడింది. దాన్ని మొహానికి అదుముకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం చెప్పుల మేకులు మర్చిపోయి దారిలోంచి వెనక్కి వచ్చాడు. గది వాకిట్లో అత్తగారు కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్లతో దుప్పటి చిరుగు తడుముతోంది. ఎడమచేతిలో సూది.

"ఇక్కడేనా? ఇంకొంచెం పక్కకా?" అంటోంది. కాసేపు చెవి ఒగ్గి, "సరేలే," అని సూది దింపింది.

"ఎవరితో అత్తయ్యా?"

"వచ్చావా. అమ్మాయితోనే."

"మీకు కనపడదు కదా. సూదిలో దారం ఎవరెక్కించారు?"

"నువ్వే. పొద్దున్నే సూదులన్నిటికీ దారాలెక్కించి మెత్తకి గుచ్చి పెడతావుగా. దానికి కుట్టు నేర్పింది ఎవరనుకున్నావు? నాదీ పుర్రచెయ్యే."

ఆయనకి ఊరట కలగాల్సింది. కానీ భార్య రెండోసారి పోయినట్టయింది.

"అది మీకేం చెప్పింది?" అన్నాడు.

"సగంలో ఉన్న పనులు చూడమంది. తాడు సంగతి మాత్రం అది చెప్పలేదు. వచ్చిన రోజే నా చెయ్యి చెప్పింది. పడవ చుట్టూ తాడు బిరుసుగా, పాతబడి ఉంది. తొట్టి దగ్గర మాత్రం కొత్తది. అక్కడే జారిందన్నావు."

ఆయన తలెత్తలేదు. "చెప్పింది అత్తయ్యా. చాలాసార్లు చెప్పింది. రేపన్నాను. తర్వాత దాచేశాను."

ఆమె దారం కొస పళ్లతో కొరికి, సూది మెత్తకి గుచ్చింది.

"తెలిసీ ఎందుకున్నారు ఇక్కడ?"

"నీ నోటితో నువ్వు చెప్తావని."

క్షమించానని మాత్రం ఆమె అనలేదు. తొమ్మిది రోజులు పలకరించనే లేదు. ఆయన పెట్టిన కంచంలో తినేది, అటు తిరిగి పడుకునేది. ఆయన ఒడ్డుకు వెళ్లి ఉన్నదున్నట్టు అందరికీ చెప్పేశాడు. కొందరు పనులు ఇవ్వడం మానేశారు. పంతులమ్మ ఆ గొడుగు మళ్లీ వేసుకోలేదు. పదో రోజు పొద్దున అత్తగారు, "సూదుల్లో దారం లేదు," అంది. ఆయన అన్నిటికీ ఎక్కించి ఇచ్చాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కుట్టారు. పెద్ద దుప్పటైతే చెరో వైపు నుంచి మొదలుపెట్టేవారు. మధ్యలో ఆమె ఎవరితోనో మాట్లాడేది. ఆయన పని ఆపి, ఆ మాట పూర్తయ్యేదాకా ఆగేవాడు.

ఒక వానాకాలం పెద్దామె నిద్రలోనే పోయింది. ఇంకా ఆ పడవ మీద ఎందుకు, ఒడ్డున గది చూస్తామన్నారు రేవువాళ్లు. ఆయన వినలేదు.

ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు, పక్కన మరో పడవేదీ పోకుండానే, పడవ ఒకవైపుకి కాస్త ఒరుగుతుంది, ఎవరో కాలు పెట్టినట్టు. ఆయన తల తిప్పడు. చాప మీద కొంచెం పక్కకి జరిగి, చోటిచ్చి, పని సాగిస్తాడు.

ఒకసారి చేపలమ్మ అది చూసింది. "ఎవరికోసం జరిగావన్నా?" అంది.

"తెలీదమ్మా. ఇద్దరిలో ఎవరో," అన్నాడాయన.